మా లుంగీ జాగ్రత్త!

2025 జూన్‌లో మిలాన్‌లో ఫ్యాషన్ సంస్థ ప్రాడా వాళ్లు మగవాళ్ల వేసవి బట్టల షో పెట్టారు. బట్టలు ఎవరికీ గుర్తులేవు, కాళ్లకేసిన చెప్పులే గుర్తున్నాయి. అచ్చం మన కొల్హాపురీలు! వాళ్లు మాత్రం 'తోలు చెప్పులు' అని ఊరుకున్నారు. 2019లోనే జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన సరుకండీ అని మనవాళ్లు గోల చేశాక, భారతీయ చేతిపనే స్ఫూర్తి అని ఒప్పుకున్నారు. చెప్పులు బాగున్నాయి, వంక పెట్టను. పేరు ఎగ్గొట్టడమే బాగాలేదు.

ఈ లెక్కన మా పిడుగురాళ్ల జాగ్రత్తపడాలి. సాయంత్రం సున్నం బట్టీ దిగి వచ్చే మనిషిని చూడండి: కనుబొమల మీద తెల్లటి పొడి, భుజాన వెలిసిన తువ్వాలు, మోచేతి దగ్గర సున్నం తిన్న చొక్కా, ఎగ్గట్టిన గళ్ల లుంగీ. ర్యాంపు మీద దీన్ని 'డిస్ట్రెస్డ్ లుక్' అంటారట. మా ఇళ్లలో 'ఎన్నిసార్లు ఉతికినా ఇంతే' అంటారు. ఆ మోడల్ కుర్రాళ్ల మొహాన చిరాకు కూడా అచ్చం ఇదే. కాకపోతే మావాడి చిరాకుకు కారణం ఉంది.

అయ్యా డిజైనర్లూ, వచ్చే సీజనుకు మా లుంగీ ఎత్తుకుపోతే పోండి, చీటీ మీద ఊరి పేరు ముందే రాయండి. పిడుగురాళ్ల. 'ళ' కింద లావత్తు మరవకండి.