గేటు కెమెరా

నెల్లూరుకు పాతిక కిలోమీటర్లలో మైపాడు బీచి. ఆ దారిలో మా చిన్నాన్నకు కొబ్బరితోట ఉంది. అందులో మూడు గదుల ఇల్లు కట్టి, శని ఆదివారాలు సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళకు రోజు అద్దెకిస్తున్నాడు. అలాంటి ఇంటికి అసలు పరీక్ష పగలు పదకొండుకూ రెండుకూ మధ్యే. పాతవాళ్ళు పదకొండుకు ఖాళీ చేస్తారు, కొత్తవాళ్ళు రెండుకల్లా దిగుతారు. ఈలోపు మంచాల కింద ఇసుక, పొయ్యి మీద రొయ్యల వేపుడు జిడ్డు, తడి తువ్వాళ్ళు, బాత్రూములు అన్నీ తెమలాలి. ఒక్క వెంట్రుక కనబడినా రేటింగులో ఒక స్టారు పోయినట్టే.

దగ్గరి పట్టపుపాళెం నుంచి ఒకామె వచ్చి ఆ పని చేసేది. మొదటిరోజే చిన్నాన్న అన్నీ చెప్పాడు. దుప్పట్లు బీరువాలో, చీపుర్లు మెట్ల కింద, వంటింట్లో మినరల్ వాటర్ క్యాన్లు గెస్టులకు, వాటిని ముట్టుకోవద్దు. "అట్నే సార్" అంది.

ఆమె పనికి వంక పెట్టిన గెస్టు లేడు. ముఖ్యంగా కుళాయిలు, అద్దాలు తళతళలాడేవి. సముద్రం ఒడ్డున అదంత తేలిక కాదు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళే, రొయ్యల గుంటలు తవ్వాక మరీను. 1996లో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చిన కేసులో, పల్లెల్లో తాగేనీళ్ళు ఉప్పుబారిపోతున్నాయన్నది పెద్ద ఫిర్యాదు. ఆ నీళ్ళతో కుళాయి కడిగి వదిలేస్తే ఆరేలోపు తెల్లచారలు కడతాయి. యాసిడ్ పోస్తే చారలతో పాటు మెరుపూ పోతుంది, పాలరాయి గరుకెక్కుతుంది.

ఒకరోజు చిన్నాన్న ఫోన్ నా ముందు పెట్టాడు. గేటు కెమెరాలో ఆమె బయటికి పోతోంది. చంకలో ప్లాస్టిక్ బిందె, బిందె మూతి మీద గుడ్డ. మరో వీడియో చూపించాడు. అందులోనూ బిందె, గుడ్డ.

"చూడబ్బయా, పొయ్యేటప్పుడల్లా ఏందో పట్టుకుపోతా ఉండాది."

"ఇంట్లో ఏం పోయిందో చూశావా?"

"ఏదో ఒకటి పోయే ఉంటుందిలే."

అడగమన్నాను. అడిగితే నిజం చెబుతారా అన్నాడు. నెలాఖరున లెక్క చూసి డబ్బులిచ్చి, ఇక రావద్దన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఏళ్ళ తరబడి ఇళ్ళల్లో పనిచేసినవాళ్ళకు ఆ ప్రశ్న అడగడం వల్ల లాభం లేదని తెలిసిపోతుందేమో.

నెల్లూరు నుంచి ఒక ఏజెన్సీని పెట్టుకున్నాడు. ఒకే రంగు చొక్కాలు, దుమ్ము లాగే మిషను, పని కాగానే వాట్సాప్‌లో ఫొటోలు. ఆమెకిచ్చిన దానికి మూడింతలు తీసుకున్నారు. పక్కలు చక్కగానే వేశారు. నెల తిరిగేసరికి కుళాయిలు సున్నం కొట్టినట్టయ్యాయి. ఒక గెస్టు వాటినే ఫొటో తీసి పెట్టి, శుభ్రతకు రెండు స్టార్లిచ్చాడు. చిన్నాన్న కేకలేస్తే సూపర్‌వైజర్ వచ్చి, కుళాయి నీళ్ళు నాలుక మీద వేసుకుని చూశాడు.

"ఈ బోరునీళ్ళతో మేమేం చెయ్యలేం సార్. ఇంతకుముందు చారలు లేవంటే ఎవరో మంచినీళ్ళతో తుడిచుంటారు."

చిన్నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీశాడు. పాత వీడియోలు ఇంకా చెరిగిపోలేదు. ఈసారి పగలు పదకొండు గంటలది పెట్టాడు. ఆమె గేటు తోసుకుని లోపలికి వస్తోంది. అదే బిందె, అదే గుడ్డ. నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది, తొణికిన నీళ్ళకు చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకుంటున్నాయి.

సాయంత్రం ఇద్దరం పాళేనికి పోయాం. వాకిట్లో చేపలు ఎండేస్తోంది. విషయం చెప్పి, "ఒక్క మాట నాతో అనుండొచ్చు గదమ్మా" అన్నాడు చిన్నాన్న.

"క్యాన్లు ముట్టుకోవద్దన్నారు గదా సార్" అంది, "అందుకే కొనుక్కొచ్చేదాన్ని."