తీగె మీది బతుకు

పెండ్లి బరాత్ మా గల్లీలకు వస్తుందన్న సంగతి నాకంటె ముందు మా కిటికీ అద్దాలకు తెలుస్తది. డీసీఎం మీద మనిషెత్తు బాక్సులు, ఎన్క జనరేటర్, ముందట ఎగిరెటోళ్లు. పాట ఏందో ఎవ్వనికి తెల్వది. తెల్సుకునే అక్కెర గూడ లేదు, గుండె దడదడ కొట్టుకుంటె చాలునట. ఆ దడ తగ్గెటందుకే నేను పొద్దున లేస్తె గోలీలు మింగుతున్న. పిలగాని తండ్రిని అడిగిన, దీనికెంత ఇచ్చినవయ్యా అని. ఆయన చెప్పిన లెక్కకు మా కాలంల ఒక కిన్నెర వాయించెటాయన ఇంటిల్లిపాదిని ఏడాది సాదొచ్చు. అదే మాట అన్న. 'పెద్దాయనా, జర పక్కకు జరుగు, బండి పోవాలె' అన్నడు.

మా కాలమంటె 1950ల నాటి సంగతి. అప్పుడు ఇదంత ఒక్కటే పాలమూరు జిల్లా. 2016ల ముక్కలు చేసి నాగర్‌కర్నూల్ ఒకటి, వనపర్తి ఒకటి, గద్వాల ఒకటని బోర్డులు మార్చిండ్రు గని నా నోరు మారలే. కల్లాలు ఊడ్చి గింజలు ఇండ్లకు చేరినంక కిన్నెర మీద కథలు చెప్పే దక్కలోళ్లు వస్తుండిరి. ముందట ఆయన, భుజం మీద కిన్నెర. ఎన్క భార్య, పిల్లలు, మూటముల్లె.

కిన్నెర అంటె ఇప్పటి పిల్లలకు బొమ్మ చూపియ్యాలె. పొడుగు వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు. బొంగు మీద తేనెమైనం, బూడిద కలిపి మెట్లు అతికిస్తరు. ఎన్కట ఆ మెట్లు అలుగు పెంకులతోని చేసెటోళ్లు. అలుగంటె చీమలు తిని బతికె జీవం, ఒంటినిండ పెంకులే. ఇప్పుడు దాన్ని ముట్టుకుంటె ఫారెస్టోళ్లు జైల్ల ఏస్తరు. ఏయనియ్యి, ఉన్నయే నాలుగు. తీగెకు గుర్రం తోక వెంట్రుకలో, ఆడోళ్ల తలవెంట్రుకలో, పసరం నరాలో పేనుతుండిరి. ఇప్పుడు ఇనుప తీగె వచ్చింది. నెమలీకలు, అద్దాలు, పూసలు కట్టి దాన్ని పెండ్లికూతురు లెక్క ముస్తాబు చేస్తరు. ఇదంత దుకాణంల దొరికేది గాదు. ఎవరు వాయిస్తరో వాళ్లే చేసుకోవాలె, తెగితె వాళ్లే కట్టుకోవాలె.

దాని మీద ముందు జాంబపురాణం చెప్పేది. మాదిగోళ్ల కులపురాణమది, చెప్పుడు దక్కలోళ్ల మిరాశీ. రాత్రి ముదిరినంక పండుగ సాయన్న కథ ఎత్తుకునేది. నిజాం కాలంల ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన మా పాలమూరు మొనగాడు సాయన్న. సర్కారు లెక్కల దొంగనే. కిన్నెర లెక్క వేరే ఉండె. మియాసాబ్ కథ ఇంకోటి. నడుమ ఆపి, గుక్క తిప్పుకోని, ఎదురుంగ కూసున్నోళ్ల మొఖాలు చూసి, నిద్ర తూగెటోని పేరు కథల కలిపి మళ్ల అందుకునేది. తీగె మోత ఎంతో దూరం పోదు. అందుకె ఎవ్వడు దగ్గకపోతుండె. ఇప్పుడు మా ఇంట్ల పిల్లలు సెల్‌ఫోన్ల పాట మొదలు గాకముందే బొటనవేలుతోని మీదికి తోస్తరు. సాయన్న కథ వీళ్లకు చెప్పాలంటె పుట్టుడు, సచ్చుడు రెండు కలిపి అర నిమిషంల అయిపోవాలె.

ఇక్కడ ఒక మాట. మా కాలం బంగారం అనెటోళ్లు ముందు ఆ కిన్నెరాయన యాడ కూసున్నడో చెప్పాలె. ఊరి బయట కూసున్నడు. మాదిగవాడకు గూడ అవుతల కూసున్నడు. మాదిగోళ్ల కాడనే అడగాలె, వాళ్లు పెట్టిందే తినాలె, వాడల బాయి ముట్టొద్దు. ఊరు ఎవరినైతె ఎలేసిందో వాళ్లు గూడ దూరం పెట్టిన మనిషాయన. మా అసొంటి ఇండ్ల పిల్లలం చింతచెట్టు చాటున నక్కి ఇంటుంటిమి. తెలిస్తె ఇంట్ల బరిగె ఇరిగేది. నేను పొగిడేది ఆ కాలాన్ని గాదు. అండ్ల ఒక్క సంగతిని. ఏడాదికోసారి ఆయన జొన్నలు ఆయనకు కొలిచి తీరాలె. బిచ్చం గాదది, హక్కు. కరువొచ్చిన ఏడు తక్కువ కొలుస్తుండిరి గని కొలవకుంట పంపకపోతుండిరి. కొలవనోని ఇజ్జత్ కిన్నెర మీదికి ఎక్కుతదని భయముండె.

మా మనుమడు హైదరాబాద్‌ల చదువుకుంట గిటార్ నేర్సుకుంటుండు. దసరాకు వచ్చినప్పుడు నల్ల బనీను ఏసుకున్నడు. దాని మీద గద్ద బొమ్మ, చుట్టూత ఇంగ్లీషుల పేర్లు. ఎవర్రా వీళ్లంటె 'బ్రాండ్ తాతా' అన్నడు. బ్రాండ్ గాదు మనుషుల పేర్ల తీరుగున్నది, ఫోన్ తీసి చూడు అన్న. చూసి సదివిండు. రామోన్స్. 1974ల న్యూయార్క్‌ల జమైన నలుగురు పోరగాండ్లు. అన్నదమ్ములు గాదు, చుట్టాలు గాదు, అయినా నలుగురు ఒకటే ఇంటిపేరు పెట్టుకున్నరు. అండ్ల జానీ అనేటోడు 50 డాలర్ల పైచిలుకు పెట్టి గిటార్ కొన్నడు. చెయ్యి కిందికి కొట్టుడే, మీదికి మీటుడు లేదు. ఆట అయిపోయే దాక అట్లనే కొట్టేది. అదెట్లుంటదో ఊకె చేతితోని చేసి చూసిన, రెండు నిమిషాలకే రెక్క గుంజింది. ఆ జానీ అనేటోడు పనిమంతుడే, దాపరికమెందుకు. 1976ల తెచ్చిన మొదటి రికార్డుల 14 పాటలు కలిపి అర్ధగంట గూడ రాదు, ఖర్చు 6400 డాలర్లు. అప్పట్ల అది పెద్దగ అమ్ముడుపోలే. 22 ఏండ్లు బండ్ల తిరిగి 2,263 సార్లు వాయించి 1996ల చాలించిండ్రు. 2014కు వచ్చేసరికి మొదటి నలుగుర్ల ఒక్కడు గూడ మిగలలే. బనీను మాత్రం బతికున్నది. రికార్డు కొననోళ్ల మనుమండ్లు ఇప్పుడు బనీను కొంటున్నరు.

'మూడు కార్డ్స్ వస్తె చాలు తాతా, కడుపుల మంట ఉండాలె గని. దీన్ని పంక్ అంటరు. లోకంల వీళ్లే మొదలు' అన్నడు మావోడు. మొదలట! బొంగుకు బుర్రలు కట్టి, బడి లేక, గురువు లేక, తండ్రి చూపిన మెట్ల మీద సర్కారు దొంగను ఊరి మొనగాన్ని చేసినోళ్లు మీ తాతలు పుట్టకముందే ఉండిరిరా అన్న. 'అది ఫోక్ తాతా' అన్నడు. తెల్లోడు పాడితె తిరుగుబాటు, మనోడు పాడితె ఫోక్.

వాడు ఊకుంటడా. లండన్ సంగతి ఎత్తిండు. 1977ల రాణి గద్దెనెక్కి 25 ఏండ్లయిన జల్సా నడుస్తుంటె సెక్స్ పిస్టల్స్ అనేటోళ్లు ఆమె మీదనే ఎక్కిరింపు పాట తెచ్చిండ్రు. బీబీసీ మేం ఏయమన్నది. అయినా అమ్మకాల లెక్కల రెండో జాగకు ఎక్కింది. చెప్పుకుంట కండ్లు ఇంతింత చేసిండు. సరె, మంచిదే, రేడియోల రాకపాయె. మరి నల్లగొండల పాడినోళ్ల కథ ఎవరు చెప్పాలె? 1946 నుంచి 1951 దాక సాయుధ పోరాటం. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను సంగం మాటకు మలిచి దళాలు కట్టి ఊరూరు తిరిగిండు. భుజాన గొంగడి, చేతిల కర్ర, మందిని నవ్విచ్చుకుంట నడుమ వెట్టిచాకిరి సంగతి పెట్టుడు. ఎదురుంగ దొర గడీ. పాట రేడియోల ఏస్తరా ఎయ్యరా అన్నది గాదు అక్కడి రంది. పాట అయినంక ఏ పొలిమేర దాటాలె, ఎవరింట్ల దాగాలె అన్నది. హనుమంతు పాట, నైజాం రాజు మీద బండి యాదగిరి కట్టిన పాట, రెండు 'మా భూమి' సినిమాల వినిపిచ్చినయి. గౌతమ్ ఘోష్ తీసిన ఆ సినిమా 1979ది. యాదగిరి పాటను తెర మీద గద్దర్ పాడిండు. అంటె ఊర్ల పుట్టిన పాట సినిమా హాలుకు నడిచి వచ్చేసరికి ముప్పై ఏండ్లు పట్టింది. ఇప్పుడు ఎలక్షనొస్తె చాలు, అసొంటి బాణీలకే లీడర్ పేరు అతికిచ్చి ఆటోలకు మైకు కట్టి తిప్పుతరు. తిట్టను పుట్టిన బాణీతోని పొగిడిపిస్తున్నరు, ఏ పార్టీ తక్కువ గాదు.

ఇగ దర్శనం మొగులయ్య సంగతి. మా దిక్కోడే, లింగాల మండలం అవుసలికుంట. చేతిల పన్నెండు మెట్ల కిన్నెర. గిటార్ పిల్లలు కెరీర్, కెరీర్ అంటరు గద, ఈయన కెరీర్ చూడుండ్రి. ఏండ్లకేండ్లు పల్లెల పొంటి పాట. 2015 ఉగాదికి రాష్ట్ర సర్కారు పురస్కారం ఇచ్చింది. ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకంల ఆయన కళ మీద పాఠమెక్కింది. 2021 సెప్టెంబర్ల 'భీమ్లా నాయక్' సినిమా పాట వచ్చింది, తమన్ సంగీతం. మొదట్ల వచ్చే గొంతు, కిన్నెర మొగులయ్యవే. ఏండ్ల సంది పల్లెలకు తెల్సిన మనిషి ఆ కొన్ని లైన్లతోని పట్నానికి తెల్సిండు. ఆర్టీసీ బస్సు మీద పాడితె వాళ్లు ఊరికెనె తిరిగెటట్టు పాసిచ్చిండ్రు. నాకు నచ్చిన బహుమానం అదొక్కటే, కిన్నెర పట్టుకోని ఎక్కెటోనికి ఏం కావాల్నో తెల్సినోడు ఇచ్చిండు. 2022ల పద్మశ్రీ. అప్పటి ముఖ్యమంత్రి కోటి రూపాయలు, హైదరాబాద్‌ల ఇంటి జాగ ప్రకటించిండు. 2024 మే నెల పేపర్లల్ల మళ్ల ఫొటో పడ్డది. తుర్కయంజాల్‌ల ఒక బిల్డింగ్ కడుతున్న కాడ పద్మశ్రీ మొగులయ్య కూలిపనిల ఉన్నడు. నెలనెల వచ్చే పదివేలు ఆగినయని చెప్పుకున్నడు.

పేపరోళ్లు నోరెల్లబెట్టిండ్రు. పాలమూరోళ్లం మాకు ఇచ్చంత్రం గాలే. 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశానికి తెల్సిందే గద. 1955ల పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ కాడ రాయి మోసినోళ్లల్ల మావోళ్లెందరో. మేస్త్రీ అడ్వాన్సు పట్టుకోని ఊర్లకు ఊర్లే తాళమేసుకోని పోయినయి. పాట రానోడు పోయిండు, పాట వచ్చినోడు పోయిండు. సిమెంటు తట్ట ఎత్తెటప్పుడు మెడల పతకం ఉన్నదా లేదా అని మేస్త్రీ చూడడు.

నాకు కోపం తెప్పిచ్చింది చాయ్ హోటల్ పంచాయితీ. కోటి రూపాయలు ఏం చేసిండట, యాడ పెట్టిండట అని లెక్కలు అడిగిండ్రు. పిల్లల పెండ్లిళ్లు చేసిన, ఇల్లు మొదలుపెట్టిన, సగంల ఆగింది అని ఆయన చెప్పనే చెప్పిండు. అయినా అడుగుతరు. ఐదేండ్లకోసారి చేతులు జోడిచ్చుకుంట వచ్చెటోన్ని ఒక్కనాడన్న అట్ల లెక్కలడిగిండ్రా? కిన్నెరాయనకు మాత్రం ఆడిటర్లు ఊరినిండ.

అసలు కోటి ఇచ్చుడే నాకు ఎట్లనో అనిపిస్తది. ఒక్కసారి కుమ్మరిచ్చి, ఫొటో దిగి, ఇగ మళ్ల రాకు అన్నట్టు. మా ఊరు చదువు రాని ఊరు, కులం పిచ్చి పట్టిన ఊరు. కిన్నెరాయనను మనిషి తీరుగ చూడలే. అయినా ఏడాదేడాది కొలవాలె అన్న ఎరుక ఉండె. అప్పుడు మర్యాద లేదు, కొలత ఉండె. ఇప్పుడు శాలువ మీద శాలువ కప్పుతున్నరు, కొలత లేదు. మర్యాద, కొలత రెండు కలిపి ఇచ్చె తెలివి ఏ కాలానికి రాలే. నెలకింత, పక్కన కూసొని నేర్సుకునె పిల్లలు ఇద్దరు, వాళ్లకు ఒక పూట బువ్వ. ఏమంత ఖర్చు? జయధీర్ తిరుమలరావు సారు అసొంటోళ్లు ఊరూరు తిరిగి పాత వాయిద్యాలు కూడబెట్టిండ్రు, బతికి పోయినయి. వాయిద్యం అద్దాల పెట్టెల ఉంటది, దుమ్ము దులిపితె చాలు. వాయించే మనిషికి రోజు ఆకలైతది.

మొన్న ఒక ఉత్సవానికి పోయిన, పేరు ఎందుకు గని. స్టేజి మీద పదహారు కుర్చీలు, ఫ్లెక్సీల నవ్వుకుంట లీడర్లు. కళాకారులను పొద్దుగాల నుంచి ఎండల నిలబెట్టిండ్రు. వాళ్ల వంతొస్తె 'ఐదు నిమిషాలే, సార్ వేరే ప్రోగ్రామ్‌కు పోవాలె' అన్నడు మైకు పట్టుకున్నోడు. సార్ మాత్రం మన సంస్కృతి గొప్పదనం గురించి గంట మాట్లాడిండు. ఆ గంటల సాయన్న సగం జిల్లా దోచి పంచేది. తిరిగి పోయెటప్పుడు వాళ్లకు ఒక మెమెంటో, పులిహోర పొట్లం. దారి ఖర్చులు బిల్లు పెడితె తర్వాత వస్తయట.

సీనియర్ సిటిజన్‌వి, వచ్చే యేడు నువ్వు రెండు మాటలు మాట్లాడాలె పెద్దాయనా అని నన్ను గూడ అడిగిండ్రు. వస్తనన్న. నా రెండు మాటలు, సార్ గంట, మిగిలిన కుర్చీలోళ్ల సమయం అంత కలిపి ఒక్క కిన్నెరాయనకు ఇయ్యుండ్రి, డీజే బాక్సులోన్ని గేటు కాన్నే ఆపుండ్రి అన్న. పైసలు మాత్రం ఆయన బస్సెక్కక ముందు చేతిల పెట్టాలె, చెక్కు గాదు, నోట్లు. రాసుకుంటున్న పిలగాడు పెన్ను ఆపి, 'దానికి బడ్జెట్ హెడ్ లేదు పెద్దాయనా' అన్నడు. పులిహోరకు ఏ హెడ్ కింద పెట్టిండ్రో దాని కిందనే పెట్టు అని చెప్పిన.