బొటనవేళ్ల మెజారిటీ

గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో హఫీజ్‌పేట్ నుంచి మొదటిసారి నిలబడి ఓడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయన ఆత్మపరిశీలన ఇలా సాగుతుంది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు లెక్కపెట్టుకుని గెలుపు ఖాయమనుకున్నాడు.
సిరా పూసేది చూపుడువేలికని మరిచాడు.

రోడ్డు గుంతలకు యాప్ చేస్తానన్నాడు.
జనం తట్టెడు కంకర అడిగారు.

ప్రపంచానికంతా కోడ్ రాసిపెట్టే చోట ఎన్నిక జరిగిందేమో కాగితం బ్యాలెట్‌తో. సర్వర్ డౌనైందని చెప్పుకునే వీలు కూడా లేదు పాపం!

పోలింగ్ 2020 డిసెంబరు 1, మంగళవారం.
ముందు శని, ఆదివారాలు. సోమవారం కార్తీక పౌర్ణమి.
వరసగా నాలుగు రోజులు!
‘మా ఓటు నీకే బ్రో’ అన్నవాళ్లు అరకు నుంచి సెల్ఫీలు పెట్టారు.

ఓటమికి కారణాలు వెతుకుతూ నలభై స్లయిడ్లు తయారుచేశాడు. ఓటరు జాబితా సరిగా లేదని ముప్పయ్యో స్లయిడ్‌లో మండిపడ్డాడు కూడా.
పక్కనే ఉన్న భార్య నెమ్మదిగా గుర్తుచేసింది: ‘నా ఓటు ఇంకా గుంటూరులోనే ఉందండీ.’

నగరంలో సగం మంది కూడా ఓటెయ్యలేదు.
ఆ మంగళవారం సెలవిచ్చింది మాత్రం ఓటెయ్యమనే.