నూట నలభై కోట్లలో నేనొకణ్ణి

టీవీలో సూటు వేసుకున్న పెద్దమనిషి ఎవరైనా ‘నూట నలభై కోట్ల మార్కెట్’ అనగానే నాకు గుండె దడ పట్టుకుంటుంది. ఆ కోట్లలో నేనూ ఉన్నాను మరి. నన్నొక మాట అడక్కుండా, నా జీతం ఎంతో కనుక్కోకుండా మార్కెట్లో కలిపేశారు. ఇది అన్యాయమని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

జనాభాలో చైనాను దాటేశామని 2023లో ఐక్యరాజ్య సమితి చెప్పింది. 142 కోట్ల పైచిలుకట. అదీ అంచనాయే. మన ప్రభుత్వం ఇంటింటికీ మనుషుల్ని పంపి తలలు లెక్కపెట్టించింది చివరిగా 2011లో. అప్పుడు 121 కోట్లు తేలాం. ఆ తర్వాత పెరిగినవాళ్లను ఎవరూ లెక్కపెట్టకపోయినా, కంపెనీలు మాత్రం వాళ్లింట్లో అప్పుడే ఏసీ బిగించేసినట్టు లెక్కలు కట్టుకుంటున్నాయి.

తలల సంగతి సరే, జేబుల సంగతో? 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మనిషి నెల ఖర్చు సగటున పల్లెలో 4,122 రూపాయలు, పట్టణంలో 6,996. పల్లెలో అందులో దాదాపు సగం తిండికే సరి. బట్టలు, మందులు, బస్సు చార్జీ, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు తక్కిన సగంలోంచి రావాలి. అవి పోగా మిగిలినదానితో మనం దేశ ఆర్థిక వ్యవస్థను పరుగులెత్తించాలి! ఈ అంకెలు చదివి వినిపిస్తే మా ఆవిడ, “ఆ సగటు మనిషెవరో గానీ, ఒక్క నెల మనింట్లో ఉండి సంసారం నడిపి చూపించమనండి” అంది.

ఇదే జనంలో సుమారు 80 కోట్ల మందికి సర్కారు ఉచితంగా రేషన్ గింజలిస్తోంది. చౌకధరల దుకాణం ముందు సంచీ పట్టుకుని నిలబడితే అతను పేదవాడు. పెట్టుబడిదారుల సదస్సులో అతనే ‘ఎదుగుతున్న వినియోగదారుడు’. ఏ ఫైల్లో ఏ పేరు రాసుకున్నా అతని కూలి మాత్రం అంతే.

మన స్తోమత కనిపెట్టినవాళ్లు షాంపూ వ్యాపారులే. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ 15 వేల రూపాయలతో చిక్ షాంపూ సాచెట్ల వ్యాపారం మొదలుపెట్టారు. సీసా కొనలేనివాడికి ఒక తలంటుకి సరిపడా అమ్మితే కొంటాడని గ్రహించారు. బిస్కెట్లవాళ్లు మరో మెట్టు ఎక్కారు. ఐదు రూపాయల ప్యాకెట్ ఏళ్ల తరబడి ఐదు రూపాయలే, లోపల బిస్కెట్లే తగ్గిపోతూ వచ్చాయి. ధర పెంచితే మనం కొనమని వాళ్లకు తెలుసు. సదస్సులో మనం కోట్లు, కిరాణా కొట్లో ఐదు రూపాయలు.

2025 సెప్టెంబరులో షాంపూ, బిస్కెట్ల మీద జీఎస్టీ 5 శాతానికి దించారు. సంతోషమే. కానీ జనం ఇంటి ఖర్చులే జీడీపీలో సగం పైన అని చదివిన దగ్గర్నుంచి, పాత ఫ్రిజ్‌కే మరమ్మతు చేయించుకుంటున్న నా మీద దేశద్రోహం కేసు పెడతారేమోనని బెంగగా ఉంది.

కాబట్టి అమ్మకాలు పెరగడం లేదని వాపోయే అయ్యలారా, మీ దగ్గర పనిచేసే మేమే మీ సరుకు కొనేవాళ్లం. ముందు మా జీతాలు పెంచండి, మార్కెట్ సంగతి మా ఆవిడ చూసుకుంటుంది.