పతనకాల షేరు శాస్త్రం: అమీర్‌పేట శాఖ, పంజాగుట్ట పాఠాంతరాలతో

అవతారిక

బల్లి మీద పడితే ఏమవుతుందో చెప్పడానికి మనకు శాస్త్రం ఉంది. పిల్లి ఎదురైతే, తుమ్ము వినిపిస్తే, కుడికన్ను అదిరితే ఫలితాలు వేరువేరుగా రాసిపెట్టి ఉన్నాయి. మార్కెట్ పడితే ఏ షేరు అమ్మాలి, ఏ షేరు కొనాలి అన్నదానికి మాత్రం పెద్దలు ఏమీ చెప్పకుండా వెళ్లిపోయారు. ఆ లోటు తీర్చడమే ఈ గ్రంథ ప్రయోజనం. బల్లిశాస్త్రంలో ఫలితమంతా ఎక్కడ పడిందన్న దాని మీద ఉంటుంది. ఈ శాస్త్రంలో ఎంతకు కొన్నామన్న దాని మీద ఉంటుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా వ్యాఖ్యానమే.

క్షేత్ర నిర్ణయం

ఈ శాస్త్రం అమీర్‌పేట, పంజాగుట్టల్లోనే ఎందుకు పుట్టాలి? పుట్టడానికి కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి గనక. 1943లో ఏర్పడిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి చివరి రోజుల్లో పంజాగుట్ట పక్కనే, సోమాజిగూడలో ఉండేది. 2007లో దాని గుర్తింపు రద్దయింది. ఊరికి ఒక ఎక్స్ఛేంజి పోయాక ప్రతి టీ బండీ ఒక ఎక్స్ఛేంజి అయింది. అరబిందో ఫార్మా రిజిస్టర్డ్ ఆఫీసు అమీర్‌పేట మైత్రీవిహార్‌లో. డాక్టర్ రెడ్డీస్ చాలాకాలం అమీర్‌పేట చిరునామాతోనే నడిచింది. హెరిటేజ్ ఫుడ్స్ ఏళ్ల తరబడి పంజాగుట్టలో, నిమ్స్ ఆసుపత్రి పక్కన ఉండేది. వేరే ఊళ్లో మదుపరి బ్యాలెన్స్ షీటు చూడాలి. ఇక్కడి మదుపరి బస్సు కిటికీలోంచి బోర్డు చూస్తే చాలు, అదే ప్రత్యక్ష ప్రమాణం.

అధికారి నిర్ణయం

డీమ్యాట్ ఖాతా, చేతిలో ఫోను, అందులో కనీసం ఒక నష్టం ఉన్న ప్రతివారూ ఈ శాస్త్రానికి అర్హులే. లాభాల్లో మాత్రమే ఉన్నవారికి ఇది వర్తించదు. వారిని వాళ్ల అజ్ఞానానికి వదిలేయాలి. ఆప్షన్ల విషయం ఇక్కడ చర్చించడం లేదు, అది తంత్రశాస్త్రం కిందికి వస్తుంది. ఆ ఉపాసన ఫలితాన్ని సెబీ 2024లో ప్రకటించింది: మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మిగిలిన ఏడు శాతంలో అమీర్‌పేట ప్రతి హాస్టల్ గదికీ ఒకరు చొప్పున ఎలా ఉన్నారో పరిశోధించాల్సిన విషయం.

మొదటి సూత్రం: పచ్చది అమ్ము, ఎర్రది పోషించు

ఉదాహరణకు మైత్రీవనం వెనక సందులో ఒక టీ బండి. సమయం తొమ్మిదిన్నర. మార్కెట్ తెరిచి పావుగంటయింది. హాస్టల్ నుంచి దిగివచ్చిన ఒక కుర్రాడి ఫోనులో ఆరు పేర్లున్నాయి. ఐదు ఎర్రగా, ఒకటి పచ్చగా. నెల హాస్టల్ ఫీజు కట్టాలి. బొటనవేలు పచ్చదాని మీదికి వెళ్లింది.

"ఏది అమ్ముతున్నవ్ రా?" అన్నాడు రూమ్మేట్.

"లాభంలో ఉన్నదొక్కటే కదా, దాన్నే."

"మరి గీ ఎర్రయి?"

"అవి కొన్న రేటుకి రానీరా. వచ్చిన రోజే అమ్మేసి దండం పెడతా."

అమ్మితే నష్టం నిజమవుతుంది, అమ్మనంతకాలం అది పుకారే అన్నది ఇక్కడి తర్కం. కొన్న మర్నాడే అమ్మేద్దామనుకున్న షేరు ఇలాగే 'లాంగ్ టర్మ్' అవుతుంది.

ఈ సంగతి అమీర్‌పేటకు ఎప్పటినుంచో తెలిసినా, పాశ్చాత్యులకు తెలిసేసరికి 1985 అయింది. ఆ ఏడాది షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు పండితులు దీనికో పేరు పెట్టి పత్రం రాశారు. 1998లో టెరెన్స్ ఓడీన్ ఒక అమెరికా బ్రోకరేజీలోని పదివేల ఖాతాలు తిరగేసి అదే తేల్చాడు. జనం అమ్ముకున్న లాభాల షేర్లు ఆ తర్వాతి ఏడాదిలో, వాళ్లు అట్టేపెట్టుకున్న నష్టాల షేర్ల కన్నా సగటున బాగా పెరిగాయని కూడా చూపించాడు. ఏడాదిలో ఒక్క డిసెంబరులో మాత్రం జనం ఎర్రవాటిని అమ్మారట. కారణం సిద్ధాంత భాగంలో వస్తుంది.

రెండో సూత్రం: పడేకొద్దీ కొను, సగటు తగ్గించు

దీన్ని 'యావరేజ్ చేయడం' అంటారు. 400 రూపాయలకు వంద షేర్లు కొన్నారు, 200కు పడింది, మరో వంద కొన్నారు. సగటు 300 అయింది. ఇప్పుడు అసలు రావాలంటే ధర రెట్టింపు కానక్కర్లేదు, సగం పెరిగితే చాలు. యాప్‌లో సగటు ధర తగ్గి కనిపించగానే ఏదో సంపాదించిన తృప్తి కలుగుతుంది. అదే షేరు 100కి దిగిందనుకోండి. ఊరుకుని ఉంటే 30 వేలు పోయేవి, యావరేజ్ చేసినందుకు 40 వేలు పోయాయి. తగ్గింది సగటు, పెరిగింది నష్టం. ఈ మాటలో రెండో సగాన్ని అమీర్‌పేట ప్రతుల్లో లేఖకులు వదిలేశారు.

పంజాగుట్ట పాఠం కొంచెం వేరు. షేరు సర్టిఫికెట్లు బీరువాలో దాచుకున్న కాలం నుంచి ఉన్న పెద్దలు యావరేజ్ చేయరు. "ఉండనీవయ్యా, డివిడెండ్ వస్తుందిగా" అంటారు. డివిడెండ్ ఆగిపోతే, "బోనస్ ఇస్తారేమో" అంటారు. సూత్రం ఒకటే, ఓపికలోనే తేడా.

మూడో సూత్రం: నిన్నటి ధరతో పోల్చు

నిన్న 179 ఉన్నది ఇవాళ 40కి దొరికితే చవకే కదా? దీనికి శాస్త్ర ప్రసిద్ధమైన ఉదాహరణ మన ఊరిదే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కలు కట్టుకథలని ఉత్తరం రాశారు. ముందు రోజు 179 దగ్గరున్న షేరు సాయంత్రానికి 40 దగ్గరికి వచ్చింది. చవక అని కొన్నవారికి 9వ తేదీన అది ఇంకా చవకై, 24 దగ్గర ముగిసింది. "చూశారా, పడ్డదాన్ని ముట్టుకోకూడదు" అన్నారు ఒక పక్షంవారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 చొప్పున ఇచ్చి కంపెనీని చేజిక్కించుకుంది. "చూశారా, పడ్డప్పుడే కొనాలి" అన్నారు రెండో పక్షంవారు. సత్యం ఇరుపక్షాలకూ సాక్ష్యం చెప్పింది. 179కి కొన్నవారు మాత్రం 2013లో కంపెనీ విలీనమై 17 షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చేదాకా కొన్న రేటు కోసమే ఎదురుచూశారు.

నాలుగో సూత్రం: తెలిసిన చిరునామా పడదు

2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. సెన్సెక్స్ 4,389 పాయింట్లు, అంటే దాదాపు ఆరు శాతం కూలింది. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం గెలిచింది, ఢిల్లీలో దాని మద్దతు అవసరమైంది. చంద్రబాబు నాయుడు 1992లో స్థాపించిన హెరిటేజ్ షేరు అంత పతనంలోనూ పైకి లేచి, ఆ వారాంతానికి సగానికి పైగా పెరిగింది. ఆ నాలుగు రోజుల్లో పాలు, పెరుగు ఎన్ని లీటర్లు ఎక్కువ అమ్ముడయ్యాయని టీ బండి దగ్గర ఎవరూ అడగలేదు. ఎవరి మేనమామ ఎన్ని కొన్నాడన్నదే చర్చ. కొన్నానన్న మేనమామలందరి షేర్లూ కూడితే కంపెనీ దగ్గర కూడా అన్ని ఉండవు.

పూర్వపక్షం

"ఇంత ఎగతాళి దేనికి? 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడలేదా? పది శాతం పడగానే సర్క్యూట్ తగిలి ముప్పావుగంట ట్రేడింగ్ ఆగిపోలేదా? ఆ రోజుల్లో 300 రూపాయల చుట్టుపక్కల ఉన్న అరబిందో, ఆగస్టుకల్లా 900 దాటలేదా? కాబట్టి పడ్డప్పుడు కొనడమే శాస్త్రం" అంటారేమో.

దానికి సమాధానం: దాటింది, నిజమే. లోకమంతా మందుల కోసం చూస్తున్నప్పుడు మందుల కంపెనీ పెరిగింది. అది పడ్డందుకు పెరగలేదు, అమ్ముకోవడానికి సరుకు, కొనడానికి జనం ఉన్నందుకు పెరిగింది. పడటం అన్ని షేర్లకూ ఉమ్మడి గుణం, లేవడం కొన్నిటికే. ఆ కొన్ని ఏవో పడ్డ శాతం చూస్తే తెలియదు.

సిద్ధాంతం

మీరు ఎంతకు కొన్నారో మార్కెట్‌కు తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు. మీరు షేరు కొన్న కంపెనీ కార్మికులకు, దానికి అప్పులిచ్చిన బ్యాంకుకు, సరుకు కొనేవాళ్లకు ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ షేరు నా దగ్గర లేకుండా, దీని ఇవాల్టి ధరంత డబ్బు చేతిలో ఉంటే, ఇదే కొంటానా? కొంటాననుకుంటే ఉంచాలి, లేదంటే అమ్మాలి. పచ్చా ఎరుపా అన్నది అప్రస్తుతం. జవాబు కోసం బోర్డు కాకుండా అప్పు ఎంతుందో, లాభం నగదుగా వస్తోందో లేదో, ప్రమోటర్లు తమ షేర్లు తాకట్టు పెట్టారో లేదో చూడాలి. ఈ తాకట్టు సంగతి బయటపెట్టాలన్న నిబంధన 2009లో వచ్చింది. అది సత్యం కథ మనకు మిగిల్చిన ఆస్తి.

కొన్న ధర నిజంగా కావలసినవారు లోకంలో ఒక్కరున్నారు: ఆదాయపు పన్ను శాఖవారు. ఎర్రది అమ్మితే ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేసి, మిగిలినదానికే పన్ను వేస్తారు. స్వల్పకాలిక నష్టమైతే రెండు రకాల లాభాల్లోంచీ, దీర్ఘకాలికమైతే దీర్ఘకాలిక లాభంలోంచీ తీసేయొచ్చు. ఓడీన్ ఖాతాదారులకు డిసెంబరులో బుద్ధి వచ్చింది ఇందుకే, అక్కడ పన్ను సంవత్సరం ఆ నెలతో ముగుస్తుంది. మనకు ఆ జ్ఞానోదయ ముహూర్తం మార్చి ఆఖరి వారం.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని రోజూ ఉదయం 9:15కు ముందు పఠించేవారికి పోయిన సొమ్ము తిరిగి రాదు. బావమరిది చెప్పిన షేరు పెరగదు. మేనమామ నోరు మూతపడదు. కానీ నష్టానికి అమ్మడానికి చెయ్యి వణకకుండా ఉంటుంది. ఈ ఏడు సర్దుకోగా మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల పాటు ముందుకు మోసుకుపోయే పుణ్యం కూడా దక్కుతుంది. రిటర్ను గడువులోగా వేసినవారికే సుమా.