నొప్పి పట్టీ స్వగతము

నేనొక నొప్పి పట్టీని. 10 సెంటీమీటర్ల వెడల్పును 14 సెంటీమీటర్ల పొడవును గల మెత్తని పాలియెస్టరు వస్త్రము నా వీపు. దాని లోపలి వైపున పూసిన తేమగల జిగురు నా దేహము. ఆ జిగురునందు కలిసియున్న 180 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ ఎపోలమీను నా ప్రాణము. ఒక పలుచని ప్లాస్టిక్ పొర నా ముఖమును కప్పియుండును గావున దానిని తొలగించువరకు నేను అసూర్యంపశ్యను. ఒక్కొక్క కవరులో మేము ఐదుగురము తోబుట్టువులము వసింతుము. మమ్ము చూచినవారెల్ల గుడ్డముక్కలనుకొందురు. మింగనిది మందెట్లగునని వారి తర్కము. ఆ తర్కమువలన నేను పడిన పాట్లే యీ కథ.

వంశము చెప్పక ఆత్మకథకు దిగుట మర్యాద గాదు. దెబ్బ తగిలినచోట శరీరము ప్రోస్టాగ్లాండినులనెడి ద్రవ్యములను తయారుచేయును. వాపునకును, నొప్పి హెచ్చుటకును అవి ముఖ్యకారణములు. ఆస్పిరిన్ జాతి మందులు వాని ఉత్పత్తినే అరికట్టుచున్నవని 1971లో లండనునందు జాన్ వేన్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించి, 1982లో మరి యిద్దరితో కలిసి నోబెల్ బహుమానమందెను. డైక్లోఫెనాక్ ఆ జాతిలోనిదే. అయితే జీర్ణాశయపు లోపొరను కాపాడునవియు, మూత్రపిండములకు రక్తప్రసారము తగ్గకుండ చూచునవియు ఆ ప్రోస్టాగ్లాండినులే యగుటచేత, మాత్ర మింగినవానికి నొప్పితోపాటు ఆ కాపుదలయు కొంత తొలగిపోవును. మా వంశమునకొక మాయని మచ్చ కూడ కలదు. భారతదేశమున పశువుల నొప్పులకిచ్చిన డైక్లోఫెనాక్, అవి చచ్చిన పిదప వాని కళేబరములను తిన్న రాబందుల మూత్రపిండములను చెరచి లక్షలాదిగా నేలగూల్చెను. 2004లో ఆ కారణము లోకమునకు వెల్లడియై, 2006లో పశువైద్యమునుండి ఆ మందును ప్రభుత్వము తొలగించునప్పటికి జటాయువు సంతతి మన ఆకాశమున దాదాపు అదృశ్యమైపోయినది. ఇంతటి చరిత్రగల వస్తువును గుడ్డముక్క యనుట న్యాయమా?

నాలోని మందు చర్మము పైపొరను దాటి నొప్పిగల కండరమును మెల్లమెల్లగా చేరును. రక్తమున కలియునది, మాత్ర మింగిన వాని రక్తమున చేరుదానితో పోల్చినచో, బహుస్వల్పము. స్వల్పమనగా శూన్యము గాదు. ఈ భేదమును గ్రహించినవారు అరుదు.

అమెరికాలో మా జాతికి 2007లో అనుమతి లభించినది. అదియు బెణుకులకు, కండరముల పట్టులకు, కమిలిన దెబ్బలకే గాని సంవత్సరముల తరబడి వేధించు మోకాళ్ల నొప్పులకు గాదు. నేను చేరినది ఆ దేశమందే న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణమున ఒక తెలుగువారి యిల్లు. కూతురి పురిటికని తెనాలి నుండి వచ్చిన పెద్దమనిషి, ఉత్తరముల పెట్టె చూడబోయి, మంచు గడ్డకట్టిన మెట్టుపై జారి చీలమండ బెణికించుకొనగా, అల్లుడు వైద్యుని యొద్దకు తీసికొనిపోయెను. ఎముక విరుగలేదని తేల్చి ఆ వైద్యుడు నన్ను వ్రాసియిచ్చెను. గుండె జబ్బు, కడుపులో పుండు, ఉబ్బసము ఉన్నవా, ఆస్పిరిన్ పడదా, ఇతర మందులేవైన వాడుచున్నారా యని ఆయన వరుసగా అడిగినప్పుడు, పెట్టెలో తెనాలినుండి తెచ్చుకొన్న నొప్పి మాత్రల సంగతి మాత్రము పెద్దమనిషి చెప్పలేదు. "అది మన ఊరి మందు కదా, వాళ్లకెందుకు?" అని దారిలో అల్లునితో సమర్థించుకొనిరట.

ఇల్లు చేరగానే గృహిణిగారు సిద్ధముగా నుండిరి. ఆమె చేతిలో అమృతాంజనము సీసా. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ప్రారంభించిన ఆ ఔషధముపై ఆంధ్రులకు గల భక్తిని ఆక్షేపించుటకు నేనెవరిని! కాని "ఏమండీ, ముందు ఇది బాగా మర్దనా చేసి, పైన ఆ పట్టీ వేసి, వేడినీళ్ల సంచి పెడితే రేపటికి లేచి నడుస్తారు" అని ఆమె అన్నప్పుడు నా ప్రాణము కవరులోనే విలవిలలాడినది. జిడ్డు చర్మమును నేను పట్టుకొనలేను. ఒక లేపనముమీద మరియొక మందు చేరినచో చర్మము మండి బొబ్బలెక్కవచ్చును. వేడి తగిలినచో మందు మితిమీరి లోనికి దిగును. నా అదృష్టమువలన కూతురు కరపత్రము చదువునట్టి బుద్ధిమంతురాలు. ఆమె తండ్రి పాదమును సబ్బుతో కడిగించి, పూర్తిగా ఆరనిచ్చి, గీరుకొన్న చోటుగాని దద్దురుగాని లేదని చూచి, నా ముఖముపై పొరను తీసి, చీలమండ ప్రక్కగా నన్ను అంటించి, అరచేతితో కొంతసేపు అదిమి, ఆ వెంటనే చేతులు కడుగుకొనెను. చేతులు కడుగుకొనకుండ కన్ను నలుపుకొన్నవారి బాధ నేనెరుగుదును.

చీలమండ వంటి మలుపుగల చోట నా అంచులు లేచుట సహజము. వానిపై చిన్న టేపుముక్క అంటించవచ్చును. అదియు చాలనిచో గాలియాడు వలతొడుగు వేయవచ్చును. పెద్దమనిషియో, స్నానమునకు పోవుచు నేను తడియకుండుటకని వంటింటి ప్లాస్టిక్ కాగితమును నా చుట్టు బిగించబోయిరి. గాలి సోకకుండ నన్ను బిగించుట వేడి పెట్టుటకు తమ్ముని వంటిదని కూతురు వారించెను. పన్నెండు గంటల కొకటిగా, దినమునకు రెండు పట్టీలు మా నియమము. ఒకదానిని తీసిన పిదప, మరియొకటి వేయుటకు ముందు స్నానము కానిచ్చినచో ఏ చిక్కును లేదు.

మాత్రల బండారము ఆ రాత్రి బయటపడినది. భోజనానంతరము పెద్దమనిషి జేబునుండి మాత్రలపట్టీ తీయుట చూచి కూతురు అడ్డగించెను. "నాన్నగారూ, అందులోనూ ఈ జాతి మందే ఉంది. మీరు బీపీ మాత్ర కూడా వేసుకుంటారాయె. పట్టీ పైనుంచి, మాత్ర లోపలినుంచి... కిడ్నీలేం కావాలి?" అని ఆమె అన్నప్పుడు, నన్నొకరు తొలిసారి మందుగా లెక్కించినందుకు నాకు కలిగిన గర్వమును ఏమని వర్ణింతును! తాను మిత్రుడు జపానునుండి తెచ్చిన పట్టీలు వేసికొంటిననియు, ఏమియు కాలేదనియు పెద్దమనిషి వాదించిరి. ఆ జపాను పట్టీలలో కొన్ని నా దాయాది కీటోప్రొఫెన్‌వి. దానిని వేసికొన్న చోట ఎండ తగిలినచో చర్మము కమిలి పొక్కును. తీసిన నాలుగు వారములవరకు ఆ భాగమును ఎండకు చూపరాదు. ఏమియు కాకపోవుట ఆయన పుణ్యము.

మరునాడు గృహిణిగారు కూతురి నడుమునొప్పి చూచి జాలిపడి, "అమ్మాయీ, నువ్వూ ఒకటి వేసుకోరాదూ, ఇంకా నాలుగున్నాయి" అనిరి. ఆమెకు ఏడవ నెల. ఇరువది వారములు దాటిన గర్భవతులు నా వంటి మందులు వాడినచో గర్భస్థశిశువు మూత్రపిండములు మందగించి ఉమ్మనీరు తగ్గవచ్చునని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. ముప్పది వారముల పిదప శిశువు హృదయము చెంత తెరచియుండవలసిన రక్తనాళము ముందుగా మూసికొనిపోవు ప్రమాదమును కలదు. తల్లి చేయి చర్మముపై నా తోబుట్టువునొకదానిని ఉంచబోవుచుండగా కూతురు నవ్వుచు "డాక్టరుగారు చెప్పందే వద్దమ్మా" అని దిండు నడుముక్రింద సర్దుకొనెను.

ఇక నా విసర్జనము. గడువు ముగియగానే పెద్దమనిషి నన్నూడదీసి, ప్రక్కనున్న మూతలేని బుట్టలో అలవోకగా విసరిరి. రెండేండ్ల మనుమడు తెల్లనిదేదో దొరికినదని దానిపైకి ఉరికెను. కూతురు వానిని చంకకెత్తుకొని, నన్నందుకొని, జిగురు వైపు తనకు తానే అంటుకొనునట్లు మడిచి, మూతగల చెత్తడబ్బాలో పడవైచి చెప్పినది: "వాడేశాక కూడా ఇందులో 170 మిల్లీగ్రాముల దాకా మందు ఉండిపోవచ్చట నాన్నగారూ. వీడు గాని నమిలితే?"

పెద్దమనిషి ఆశ్చర్యముతో కుర్చీలో నిటారుగా కూర్చుండిరి. "నూట ఎనభైలో నూట డెబ్బయ్యా? అంటే నా కాలికి దక్కింది పదేనా? అయితే దాన్ని మళ్లీ రేపు అంటించుకోవచ్చుగా!"

"కూడదు నాన్నగారూ. పన్నెండు గంటలైతే తీసేయడమే. కొత్తది కావాలంటే కవర్లో ఉంది, కవరు సరిగా మూయండి, తెరిచాక మూడు నెలల్లో వాడేయాలి."

ఆయన కవరుపై తెరచిన తేదీ వేసి, అలమారలో మనుమని చేతికందని పైఅరలో పెట్టిరి. అటుపిమ్మట కళ్లజోడు తగిలించుకొని, మందుల దుకాణపు బిల్లు ముందు పరచుకొని, పారవేసిన 170 మిల్లీగ్రాముల ఖరీదు రూపాయలలో ఎంతగునో లెక్క కట్టుటకు ఉపక్రమించిరి.