మోర్గన్ దొర నియమం – మా అమ్మ కట్టె

"కోతి మీ అమ్మను మోసం చేసిందని నీకెట్లా తెలుసు?" అని మా సారు అడిగిన ప్రశ్న కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది. మానుకోట బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే గుర్తొస్తుంది. చెత్త ప్రశ్న అయితే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. బాగుంది, అదీ నా బాధ.

కోతుల గురించి మీకు కొత్తగా చెప్పే పని లేదు. మీ ఇంటి మీదా పెంకులు ఉండే ఉంటాయి, లేదా ఒకప్పుడు ఉండేవి.

నేను చదివేది మనస్తత్వశాస్త్రం. ఈ సెమిస్టరులో జంతువుల తెలివి మీద ఒక చిన్న సెమినారు తీసుకున్నాను. ఒక బల్ల, చుట్టూ గుప్పెడు మందిమి, పైన తిరగని ఫ్యాను. మొదటి క్లాసులోనే లాయిడ్ మోర్గన్ దొరను పరిచయం చేశారు. 1894లో ఆయన ఒక నియమం పెట్టాడు: జంతువు చేసిన పనికి చిన్న తెలివి సరిపోతుందనుకుంటే, దానికి పెద్ద తెలివిని అంటగట్టొద్దు. ఆయనకు టోనీ అని ఒక కుక్క ఉండేది. గేటు గొళ్లెం కిందికి తల పెట్టి, పైకి లేపి, దర్జాగా రోడ్డు మీదికి పోయేది. చూసినవాళ్లు ఎంత తెలివో అని ముక్కున వేలేసుకున్నారు. మోర్గన్ మాత్రం దాని చదువు మొదట్నుంచీ చూసినవాడు. అక్కడా ఇక్కడా తల దూరుస్తుంటే ఒకనాడు అనుకోకుండా గొళ్లెం లేచింది. తర్వాత తర్వాత పొరపాట్లు తగ్గాయి, అంతే. అందులో ఆలోచనేమీ లేదన్నాడు.

గొళ్లెం మాట రాగానే నా నోరు ఆగలేదు. బయ్యారంలో మా ఇంటి ముందు వేపచెట్టెక్కి ఒక కోతి కొమ్మలూపుతూ నానా యాగీ చేస్తుంది. అమ్మ కట్టె పట్టుకుని వాకిట్లోకి ఉరుకుతుంది. ఈలోపు ఇంకొకటి వెనక తలుపు గొళ్లెం తీసి వంటింట్లో దూరుతుంది. అమ్మ తిరిగొచ్చేసరికి టమాటల గంప బోర్లా పడి ఉంటుంది, చెట్టు మీద ఎవరూ ఉండరు. "రెండూ కూడబలుక్కున్నాయి సార్" అన్నాను.

సారు కళ్లజోడు తీసి తుడిచారు. ఆయన కళ్లజోడు తీశారంటే మనం చెప్పిన మాటకు నూకలు చెల్లినట్టే. "చెట్టెక్కడం కోతి పని. సందు దొరికితే దూరడమూ కోతి పనే. మధ్యలో కూడబలుక్కోవడం ఎవరు చూశారు?"

"మా అమ్మ చూసింది సార్."

"మీ అమ్మ ఒక్కతే కదా సాక్షి?"

అందరూ నవ్వారు. సారు నవ్వారు కాబట్టి నవ్వారు. ఆ వారమే బెర్లిన్ గుర్రం హాన్స్ గురించి చదివి ఉన్నాం. లెక్క అడిగితే గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేదట. 1904లో జర్మనీ అంతా దాని పేరే. చివరికి ఫుంగ్‌స్ట్ అనే ఆయన పరీక్షించి తేల్చింది ఏమిటంటే, గుర్రానికి లెక్కలు రావు, అడిగేవాడి ఒళ్లు చదవడం వచ్చు. సరైన అంకె దగ్గర అడిగేవాడి తల కాస్త కదిలితే తట్టడం ఆపేస్తుంది. మా సెమినారులో మేం చేసేదీ అదే. సారు కనుబొమ్మ కదిలిన చోట జవాబు ఆపేస్తాం. హాన్స్‌కు క్యారెట్ ముక్క దొరికేది, మాకు ఇంటర్నల్ మార్కులు.

కోతికి ఆలోచన ఉందో లేదో ఇంకా తేలలేదని అమ్మకు ఫోన్లో చెప్పాను.

"ఏడ తేలలేదు కొడుకా?"

"యూనివర్సిటీలనమ్మా."

"ఓ ఐతారం మీ సార్ను ఇంటికి తీస్కరా. వంటింట్ల కూసోవెడ్త. అన్నం ఉడికే లోపట తేల్తది."

మా ఊరి పెద్దచెరువు శాసనం వేయించింది కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ. కాకతీయుల వంశక్రమం అందులో వరసగా ఉంటుంది కనుక చరిత్రకారులకు అదంటే ప్రాణం. మా అమ్మకు కోతుల వంశక్రమం అంతే వరసగా వచ్చు. తోక తెగినది, దాని బిడ్డ, ఆ బిడ్డను చంకనేసుకుని తిరిగే మేనత్త. ఆవిడ శాసనం ఎవరూ చెక్కించలేదు, ఆవిడ సెమినారులో సాక్షిగానూ చెల్లలేదు.

తర్వాత పావ్లోవ్ వచ్చాడు. గంట, కుక్క, చొంగ సంగతి అందరికీ తెలిసిందే. రెండో భాగమే జనం మరిచిపోతారు. గంట కొట్టి తిండి పెట్టకపోతే, మళ్లీ మళ్లీ కొట్టి మళ్లీ మళ్లీ పెట్టకపోతే, కుక్క క్రమంగా చొంగ కార్చడం మానేస్తుంది. దీని పేరు విరమణ. టెట్ రాసినవాళ్లకు ఇది కంఠతా వచ్చు.

ఇది వింటుంటే నా మనసు బల్ల వదిలి బయ్యారం గుట్టల మీదికి పోయింది. మా గుట్టల్లో ఇనుప రాయి ఉంది. మా గంట దానితోనే పోశారు. 2013లో ఆ గనులను విశాఖ ఉక్కుకు ఇస్తామన్నప్పుడు "బయ్యారం ఉక్కు తెలంగాణ హక్కు" అని ఊరూవాడా అరిచాం. గంట మోగింది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టొచ్చో లేదో ఆరు నెలల్లో పరిశీలించాలని సెయిల్‌కు రాశారు. ఈసారి చట్టమే మోగించింది. మేం ఆరు నెలలన్నది విన్నాం, పరిశీలన అన్నది వినలేదు. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు వచ్చి మేం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌కు మారాం. అంటే కర్మాగారం పాపం బయల్దేరినా చట్టంలో రాసిన అడ్రసులో మేం లేం! ఆ తర్వాత రాయిలో ఇనుప శాతం తక్కువ, గిట్టుబాటు కాదని ఢిల్లీ చెప్పింది.

పావ్లోవ్ లెక్క ప్రకారం ఇక్కడ విరమణ రావాలి. రాలేదు. ఎన్నికలొస్తే మైకు కట్టిన జీపొకటి వస్తుంది, అందులోంచి "ఉక్కు" అన్న మాట వస్తుంది, హోటలు ముందు బెంచీ మీద "ఈసారి వస్తదట" అన్న మాట లేస్తుంది. రోడ్డు పక్క గుంట భూమికి రేటు కూడా లేస్తుంది. ఇది పావ్లోవ్‌కు తెలియనిదేమీ కాదు. ఆరిపోయిన అలవాటు కొంత విరామం తర్వాత దానంతటదే తిరిగొస్తుందని ఆయన చూశాడు. తెలుగు పుస్తకాల్లో దాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. విరామం ఎంతసేపు ఉండాలో పుస్తకం చెప్పదు. మా దగ్గర ఐదేళ్లు. మా బాబాయి కొడుకు ఉక్కు కర్మాగారాన్ని నమ్మి ఐటీఐలో ఫిట్టర్ చేశాడు. సర్టిఫికెట్టు బీరువాలో ఉంది, వాడు హైదరాబాద్‌లో బిర్యానీ పార్శిళ్లు మోస్తున్నాడు.

ఇదంతా సెమినారులో చెప్పబోయాను. "మనది జంతువుల మీద కదా" అన్నారు సారు.

సరే, జంతువులు. కోతులు మన దగ్గరికి వాటంతటవి రాలేదు, బండీపూర్ సంగతి చూడండి. బెంగళూరు శాస్త్రవేత్త అనింద్య సిన్హా బృందం 2018లో రాసింది: అక్కడి కోతులు మనిషి కళ్లలోకి చూస్తూ కూత పెట్టి, చెయ్యి చాపి తిండి అడుగుతున్నాయట. చెయ్యి చాపితే పెట్టే మనిషి ఎదురుంటేనే ఆ విద్య వస్తుంది. మంగళవారం గుడి దగ్గర అరటిపండు పెట్టేదీ మేమే, బుధవారం కట్టె పట్టేదీ మేమే. బాలిలో ఉలువాటు గుడి కోతులు ఇంకో మెట్టు ఎక్కాయి. యాత్రికుల ఫోన్లు, కళ్లజోళ్లు లాక్కుని పండ్లిస్తేనే వదులుతాయి, ముదుర్లయితే ఖరీదైన వస్తువే ఎంచుకుంటాయని 2021లో పరిశోధకులు రాశారు. సరుకుకు తగ్గ ధర వచ్చేదాకా కోతి చెయ్యి వదలదు. మా మిర్చి రైతుకు మార్కెట్‌యార్డులో ఆ వైభోగం లేదు.

మేమూ ఊరుకోలేదు. పులి ఫ్లెక్సీ కట్టాం. మొదట జంకాయి, తర్వాత దాని నీడన కూర్చుని పేలు చూసుకున్నాయి. కొండముచ్చు అరుపు రికార్డు పెట్టాం. కోతులకు అలవాటైపోయింది, నిద్ర లేనిది మాకు. సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి రోజుకు 500 కూలి ఇచ్చి చేనుకు కాపలా పెట్టాడు. చదువుకున్న నాకు ఆ ఉద్యోగం కూడా రాలేదు. కోతుల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు 2020లో నిర్మల్ దగ్గర చించోలిలో కేంద్రం తెరిచారు. మా తోక తెగినదాన్ని అక్కడికి చేర్చాలంటే సగం తెలంగాణ దాటించాలి. పట్టేవాడికి కూలి, బండికి డీజిలు ఎవరిస్తారన్నది ఏ సెమినారులోనూ రాదు.

మొన్న ఇంటికి పోయినప్పుడు పెరడు చూశాను. చిక్కుడు పాదు లేదు. అనపపాదు లేదు. జామచెట్టు కొట్టేశారు. "కాసేది మనకు, తినేది వాటికి, ఎందుకు కొడుకా" అంది అమ్మ. ఆ మాటలో కోపం కూడా లేదు. నాన్న చేలో పల్లికాయ మానేశాడు, మక్క మానేశాడు. పత్తి వేశాడు, కోతి ముట్టదని. అందరూ అదే లెక్క వేస్తున్నారు. కోతులు తిన్న పంటను ఏ అధికారైనా వచ్చి రాసుకోవచ్చు. వాటి భయానికి వేయనే వేయని పంటను రాసుకునే గడి ఏ ఫారంలోనూ నేను చూడలేదు. చిక్కుడుకాయ కోసం నా చిన్నప్పుడు పక్కింటివాళ్లు మా ఇంటికొచ్చేవాళ్లు. ఇప్పుడు మేం సంతకు పోయి పావుకిలో కొంటున్నాం.

సెమినారు పేపరు వచ్చే వారం ఇవ్వాలి. కోతికి ఆలోచన ఉందో లేదో మోర్గన్ దొరకే వదిలేస్తున్నాను. మీకో విన్నపం. కోతి ముట్టని కూరగాయ ఏదైనా మీ ఊళ్లో పండుతుంటే చెప్పండి, విత్తనం ఖర్చు మేమే పెట్టుకుంటాం. కాకర మాత్రం చెప్పకండి. మా ఇంట్లో రోజూ అదే కూర.